డిస్కు చెరిగిన పిమ్మట

ఇంటిలో తాళముచెవి పోయినచో తాళములు బాగుచేయువానిని పిలుతుము. గోడగడియారము నిలిచిపోయినచో దానిని బజారునకు పంపుదుము. ఏ వస్తువు ఎచ్చట బాగుపడునో మనకు తెలియును. కాని ఇంటిలోని కంప్యూటరు ఒకనాడు మీట నొక్కగనే నల్లని తెరపై ఒకటి రెండు పంక్తుల తెల్లని అక్షరములను చూపి, తన్ను నడుపగలది ఏదియు డిస్కులో లేదని చెప్పి ఊరకున్నచో ఇంటిల్లిపాదికిని దిక్కుతోచదు. యంత్రము చెడలేదు. కరెంటు ఉన్నది, చిన్న దీపము వెలుగుచున్నది, లోపలి పంకా తిరుగుచున్నది. లేనిది దానిని నడుపు వ్యవస్థ మాత్రమే. డిస్కును పొరపాటున చెరిపివేసినవారికి ఎదురగు స్థితి ఇది. అట్టి సమయమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు, పోయినదానిలో ఏది తిరిగి వచ్చును, ఏది రాదు అను విషయములను మా అనుభవము ఆధారముగా ఇచ్చట వివరింపదలచితిమి.

మా అనుభవమని చెప్పుటకు మాకు సంకోచము లేదు, తప్పు మాదే. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపమున ఒక గ్రామములో మా మేనమామగారు ఉన్నారు. ఉపాధ్యాయ వృత్తినుండి విరమించిన పిదప వారు జముకుల కథలను సేకరించుటకు పూనుకొనిరి. జముకుల కథ మన ఉత్తర కోస్తా జిల్లాలవారికి క్రొత్త కాదు. జముకు మ్రోయుచుండగా ప్రధాన కథకుడు కథ నెత్తుకొనును, ప్రక్కవారు వంత పాడుదురు, ఊరివారు తెల్లవారువరకు కూర్చుండి విందురు. ఆ ప్రాంతమున పేరుపడిన ఒక వృద్ధ కథకుని మామగారు పలుమారులు ఇంటికి పిలిచి, ఆయన పాడిన కథలను 23 భాగములుగా రికార్డు చేసి తమ కంప్యూటరులో దాచిరి. ఆ కథకుడు ఇప్పుడు లేడు. ఆ కథలను ఆ బాణీలో చెప్పగలవారు ఆ చుట్టుప్రక్కల మరియొకరు లేరు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణముగా ఇచ్చుచుండిన ఉచిత రక్షణ సవరణలు ముగిసినవి. తరువాతిదైన విండోస్ 11 నిలుపవలెనన్న యంత్రమున టి.పి.ఎమ్. 2.0 అను రక్షణ సాధనము ఉండవలెనని నియమము. మామగారి పాత కంప్యూటరులో అది లేదు. కావున ఉచితముగా లభించు లినక్సు వ్యవస్థను దానిలో నిలిపెదమని మేము మాట యిచ్చి, విజయనగరమునుండి పెన్‌డ్రైవు చేతబట్టుకొని పోతిమి. నిలుపు సమయమున తెరపై రెండు మార్గములు కనబడినవి. పాత వ్యవస్థ ప్రక్కనే క్రొత్తదానిని నిలుపుట ఒకటి. డిస్కును చెరిపి నిలుపుట రెండవది. పాటలన్నియు "డి డ్రైవు"లో ఉన్నవి గదా, చెరుగునది "సి డ్రైవు" మాత్రమే గదా యని తలచి రెండవదానిని నొక్కితిమి.

ఇచ్చటనే మేము పొరబడితిమి. మనలో చాలమంది ఇట్లే పొరబడుదురు. "సి", "డి" అని మనము పిలుచునవి సాధారణముగా రెండు డిస్కులు కావు. ఒకే ఇంటిలోని రెండు గదులు. ఇల్లు చెరుపుమన్నచో యంత్రము రెండు గదులను చెరుపును. రెండు మూడు నిమిషములు గడచిన పిమ్మట తెరపై డిస్కు అంతయు ఒకే భాగముగా కనబడగా సంగతి గ్రహించి, మీట నొక్కి యంత్రమును ఆపివేసితిమి. గుమ్మమువద్ద నిలుచుండి చూచుచున్న అత్తయ్యగారు, "ఏటి బాబూ, ఆ తాత గొంతింక వినబడదేటి?" అని అడిగిరి. మాకు జవాబు తోచలేదు.

పోయినదేదో తెలియవలెనన్న కంప్యూటరులో ఏ పని ఎవరిదో ముందుగా తెలియవలెను. ఒక ప్రసార కేంద్రమును తలచుకొనుడు. స్టూడియోలు ఉన్నవి, మైకులు ఉన్నవి, ట్రాన్స్‌మిటరు ఉన్నది. కాని ఏ వేళకు ఏ కార్యక్రమము, ఏ స్టూడియో ఎవరికి, ఏ రికార్డు ఏ బీరువాలో ఉన్నదో చూచుకొను డ్యూటీ ఆఫీసరు రాలేదు. అన్నియు ఉండియు ఒక్క మాటయైనను శ్రోతకు చేరదు. కంప్యూటరులో ఆ డ్యూటీ ఆఫీసరు వంటిదే ఆపరేటింగు సిస్టము. విండోస్, లినక్సు, మ్యాక్ అనునవి అట్టివే. మీట నొక్కగనే మేల్కొను మొదటి చిన్న ప్రోగ్రాము డిస్కులో ఉండదు. అది లోపలి పలకపై ఒక చిప్పులో ఉండును. డిస్కు చెరిగినను అది చెరుగదు. అందుచేతనే తెరపై ఆ నాలుగు అక్షరములైన కనబడును, పెన్‌డ్రైవునుండి యంత్రమును నడుపుటకు వీలగును. కావున డిస్కు చెరిగినంత మాత్రమున యంత్రము పనికిరాకుండ పోదు.

ఇక డిస్కు చెరుగుట అనగా నేమి? దీనిని పలక తుడుచుటతో పోల్చుదురు కాని ఆ పోలిక అంతగా కుదురదు. గ్రామములోని అడంగలు లెక్క ఇంతకంటె సరియైన పోలిక. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి అనుభవములో, ఏ పైరుతో ఉన్నదో అడంగలు చెప్పును. ఆ పుస్తకము కాలిపోయినంత మాత్రమున పొలములు మాయము కావు, పైరు ఎండిపోదు. ఏది ఎవరిదో చెప్పు ఆధారము మాత్రము పోవును. కాని ఆ పొలమును ఖాళీ అని తలచి మరియొకడు నాగలి పూన్చినచో పాత పైరు నిజముగనే పోవును. డిస్కులోను ఇట్లే. డిస్కును చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఏ ఫైలు ఏ గళ్లలో ఉన్నదో ఒక పట్టికలో వ్రాసికొందురు. త్వరితముగా ఫార్మాటు చేసినప్పుడు పాత పట్టిక స్థానమున క్రొత్త పట్టిక వచ్చును. గళ్లలోని విషయము చాలవరకు అట్లే ఉండును. దానిపై క్రొత్త విషయము వ్రాయబడిన నాడే పాతది శాశ్వతముగా పోవును.

ఇందులో రెండు భేదములను గమనింపవలెను. విండోస్‌లో పూర్తి ఫార్మాటు అనునది డిస్కు పొడవునను సున్నలను వ్రాయును. అది ఊరిలోని పొలములన్నియు దున్నినట్లే. రెండవది డిస్కు జాతిని బట్టినది. పాత హార్డుడిస్కులో తిరుగు పళ్లెములపై అయస్కాంత గుర్తులు ఉండును. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన మొట్టమొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండగా, వాని అన్నిటిలో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడిపోవు హార్డుడిస్కు దానికంటె లక్షరెట్లు ఎక్కువ పట్టునదైనను మూలసూత్రము అదియే. ఇప్పటి క్రొత్త కంప్యూటర్లలో ఎక్కువగా ఉండునది ఎస్.ఎస్.డి.; దానిలో తిరుగు పళ్లెములు లేవు. ఏ గళ్లు అక్కరలేదో వ్యవస్థ దానికి తెలుపును. ఈ తెలుపుటకే ట్రిమ్ అని పేరు. తెలిసినంతనే ఆ డ్రైవు తీరికవేళలో వానిని తానే శుభ్రపరచుకొనును. అందుచేత హార్డుడిస్కులో చెరిగినవి తిరిగి దొరకుటకు ఆశ కలదు, ఎస్.ఎస్.డి.లో ఆ ఆశ బహుస్వల్పము. మామగారిది పాత యంత్రమగుట ఆనాడు మాకు మేలే అయినది.

కావున మొదటి నియమము ఇది: డిస్కు చెరిగినదని తెలిసిన మరుక్షణమే యంత్రమును ఆపుడు. కంగారులో మరల వ్యవస్థను నిలుపబోవుట పెద్ద తప్పు. ఒక ఆపరేటింగు సిస్టము నిలుపుటకు డిస్కుపై అనేక గిగాబైట్ల విషయము వ్రాయవలెను. ఆ వ్రాత మీరు వెదకుచున్న ఫోటోలపై పడదని ఎవరును చెప్పలేరు. డిస్కులో కావలసినది ఏదియు లేనిచో వెంటనే నిలుపవచ్చును. ఉన్నచో వెదకుట ముందు, నిలుపుట తరువాత.

వెదకుటకు పద్ధతి కలదు. డిస్కును ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలింపవలెను. లేదా పెన్‌డ్రైవునుండియే నడచు లినక్సుతో యంత్రమును మేల్కొలుపవలెను. చెరిగిన డిస్కుపై ఏమియు వ్రాయక, దానిని మొదటి గడినుండి కడపటి గడివరకు ఉన్నదున్నట్లు మరియొక పెద్ద డిస్కునకు నకలు తీయవలెను. తరువాతి ప్రయత్నములన్నియు ఆ నకలుపైననే చేయవలెను. క్రిస్టోఫ్ గ్రెనియే అను ఫ్రెంచి ప్రోగ్రామరు రచించిన టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అను రెండు సాధనములు ఉచితముగా దొరకును. మొదటిది పోయిన విభాగముల సరిహద్దులను కనుగొని పట్టికను బాగుచేయుటకు యత్నించును. రెండవది పట్టికతో పనిలేకయే గడిగడినీ చదువును. ఒక్కొక్క జాతి ఫైలునకు మొదట ఒక నిర్ణీతమైన గుర్తు ఉండును. ఆ గుర్తును బట్టి ఇది ఫోటో, ఇది పాట అని అది పోల్చుకొనును. కాని ఫైలు పేరు పట్టికలోనిదే గాని ఫైలులోనిది కాదు. కావున దొరకిన వస్తువు పేరులేక దొరకును. డిస్కునుండి టక్కుటక్కు మను చప్పుడు వినబడినచో మాత్రము ఇంటిలో ఏ ప్రయత్నమును చేయక నిపుణులకు అప్పగించుట మేలు.

మాకు పట్టిక తిరిగి రాలేదు. ఫోటోరెక్ రెండు రాత్రులు పనిచేసి వేలకొలది ఫైళ్లను పోగుచేసినది. అన్నిటికి పేర్లకు బదులు అంకెలే. పెండ్లిఫోటోలు, కరెంటు బిల్లులు, మనుమరాలి లెక్కల పాఠములు, ఏనాడో తీసివేసిన సినిమాపాటలు అన్నియు ఒకే కుప్ప. ఆ కుప్పలో జముకుల కథలను ఏరవలెనన్న వినుటయే దారి. వారము దినములు సాయంత్రముల మామగారు, అత్తయ్యగారు కూర్చుండి ఒక్కొక్కదానిని వినిరి. పాట ఏ కథలోనిదో మామగారు పోల్చిరి. అది ఏనాడు పాడినదో అత్తయ్యగారు పోల్చిరి. వెనుక వినబడుచున్న వానచప్పుడును బట్టియు, నడుమ దగ్గిన మనిషిని బట్టియు, కథకుడు మంచినీళ్లడిగిన మాటను బట్టియు ఆమె చెప్పిన తేదీలు మామగారి నోటుపుస్తకముతో సరిపోయినవి. 23 భాగములలో 20 సంపూర్ణముగా దొరకినవి. రెండు సగములో తెగినవి. ఒకటి దొరకనేలేదు.

దొరకినవానిని రెండుచోట్ల భద్రపరచిన పిదపనే వ్యవస్థను నిలుపుటకు పూనుకొంటిమి. ఆ పని అంత కష్టము కాదు. బాగున్న మరియొక కంప్యూటరులో ఇంటర్నెట్టు ద్వారా వ్యవస్థను తెచ్చుకొని పెన్‌డ్రైవులోనికి ఎక్కింపవలెను. విండోస్ 11 అయినచో కనీసము 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు కావలెను. పెన్‌డ్రైవులో ముందున్నవి చెరిగిపోవును. కావున దానిలో ఏమున్నదో చూచుకొనుడు. ఒక నష్టమును పూడ్చబోయి రెండవదానిని తెచ్చుకొనినవారు లేకపోలేదు. వ్యవస్థను తయారుచేసినవారి సొంత సైటునుండియే తెచ్చుకొనవలెను. బజారులో ఎవరో ఇచ్చిన నకలులో ఏమి దాగియుండునో తెలియదు. లినక్సులో ఉబుంటు, డెబియన్ మొదలగునవియు, మన దేశమున సి-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్సును ఉచితముగనే లభించును.

పెన్‌డ్రైవును గ్రుచ్చి మీట నొక్కిన వెంటనే యంత్రమును తయారుచేసినవారిని బట్టి ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్, డిలీట్ మీటలలో ఒకదానిని నొక్కుచుండినచో ఎచ్చటినుండి మేల్కొనవలెనని యంత్రము అడుగును, పెన్‌డ్రైవును చూపవలెను. పిమ్మట భాష, కీబోర్డు, ఏ డిస్కులో నిలుపవలెను అను ప్రశ్నలు వచ్చును. ఈ మూడవ ప్రశ్నవద్ద చేతిని కొంచెము ఆపుడు. డిస్కు పేరును గాక దాని పరిమాణమును చూచి గుర్తింపుడు. బయటినుండి తగిలించిన డిస్కులు ఏవైన ఉన్నచో ముందే ఊడదీయుడు. అవి తగిలియే లేనిచో పొరపాటున చెరుగుట ఉండదు.

మన జిల్లాలవారికి మరియొక జాగ్రత్త అవసరము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభములును కూలినవి. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో ఉన్నవి. అంతటి ఉపద్రవము లేకున్నను గాలివాన వేళ కరెంటు పోవుట మనకు అలవాటే. వ్యవస్థ నిలుచుచుండగా కరెంటు పోయినచో పని అరకొరగా నిలిచి, మొదటినుండి చేయవలసివచ్చును. కావున లాప్‌టాప్ అయినచో బాటరీ నింపుకొనియు, బల్లపై నుండు కంప్యూటరు అయినచో యూ.పి.ఎస్. తగిలించియు ఆరంభింపవలెను.

వ్యవస్థ నిలిచిన పిదప కొన్ని చిన్న పనులు మిగులును. శబ్దము, ప్రింటరు, వైఫై సరిగా పలుకుటకు డ్రైవర్లు అను సహాయక ప్రోగ్రాములు అవసరము. ఇప్పటి వ్యవస్థలు వానిలో ఎక్కువభాగమును ఇంటర్నెట్టునుండి తామే తెచ్చుకొనును. విండోస్‌కు డబ్బు మరల కట్టవలెనేమో యని కొందరు భయపడుదురు. ముందు సక్రమమైన అనుమతి ఉన్నచో అదే యంత్రములో అదే రకము విండోస్‌ను మరల నిలిపినప్పుడు సాధారణముగా మరల కొననక్కరలేదు. డిస్కు బిట్‌లాకర్‌తో తాళము వేయబడినదైనచో దాని 48 అంకెల తాళపుసంఖ్య లేనిదే అందులోని పాత విషయమును చదువుటకు వీలుపడదు. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి ముఖ్యపత్రములతోపాటు ఉంచుకొనుట మంచిది.

తెలుగు వ్రాయువారికి మరియొక చిక్కు కలదు. తెలుగునకు 1991నుండి యూనికోడ్‌లో స్థానము ఉన్నది. ఆ పద్ధతిలో వ్రాసినవి ఏ క్రొత్త వ్యవస్థలోనైనను తెలుగుగనే కనబడును. విండోస్‌లో గౌతమి, వాణి, నిర్మల అను ఫాంట్లు అందులకై వచ్చినవే. కాని అచ్చుపనికి మనవారు చిరకాలము వాడిన అను ఫాంట్లు మొదలగు పాత పద్ధతులలో వ్రాసిన ఫైళ్లు, ఆ ఫాంట్లు లేని యంత్రములో అర్థములేని గుర్తుల వరుసగా కనబడును. ఫైలు చెడినదని తలచి దానిని తీసివేయకుడు. ఆ ఫాంటును మరల నిలిపినచో అక్షరములు తిరిగి వచ్చును. వీలైనప్పుడు యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను.

ఇంతవరకు చెప్పినదానిలో సారము ఒక్కటే. డిస్కులో ఉండునవి రెండు రకములు. ఆపరేటింగు సిస్టము, ప్రోగ్రాములు, ఫాంట్లు ఇతరులు చేసినవి. వాని ప్రతులు లోకమున కోట్లకొలది ఉన్నవి, ఒక పూటలో తిరిగి తెచ్చుకొనవచ్చును. మన ఫోటోలు, మన లెక్కలు, మన పెద్దల కంఠస్వరము మనవి. వానికి మన చేతిలో ఉన్నదే ప్రతి. డిస్కు చెరిగిననాడు మనము దుఃఖింపవలసినది రెండవదానికి. ముందుగా జాగ్రత్తపడవలసినదియు దానికే.

పెద్ద సంస్థలకును ఈ కష్టము తప్పలేదు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో "టాయ్ స్టోరీ 2" చిత్రము తయారగుచుండగా ఒక తప్పు ఆజ్ఞవలన చిత్రపు ఫైళ్లలో అధికభాగము చెరిగిపోయినది. ప్రతులు తీయు ఏర్పాటు అచ్చట ఉన్నది. కాని అది సరిగా పనిచేయుటలేదని అప్పుడే బయటపడినది. బిడ్డను కని ఇంటినుండి పనిచేయుచున్న గేలిన్ సుస్మన్ అను సాంకేతిక నిర్దేశకురాలి ఇంటి కంప్యూటరులోని ప్రతియే చిత్రమును నిలిపినది. ప్రతి ఉండుట చాలదు; అది తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు తెరచి చూడవలెను. అది మరియొక ఇంటిలో ఉండవలెను.

ఈ సూత్రము కంప్యూటరుతో పుట్టినది కాదు. సాయణభాష్యముతో కూడిన ఋగ్వేదమునకు మాక్స్ ముల్లర్ చేసిన రెండవ ముద్రణ 1890-92లో వెలువడుటకు మన విజయనగర ప్రభువు ఆనందగజపతి ధనసహాయము చేసిరి. పలు తావుల పలువురు కంఠస్థము చేసి, పలు తావుల పలువురు నకళ్లు వ్రాసి ఉంచినందుననే ఆ గ్రంథము అచ్చునకు అందినది. ఒక్క ఇంటిలో ఒక్క ప్రతిగా ఉన్నదానికి అంత ఆయువు ఉండదు. నేటి గృహస్థులకు నిపుణులు చెప్పు లెక్క సులభమైనది: ముఖ్యమైనదానికి మూడు ప్రతులు, అవి రెండు రకముల సాధనములపై, అందులో ఒకటి వేరొక ఊరిలో. ఇంటర్నెట్టు నిల్వను వాడువారు ఒకటి గుర్తుంచుకొనవలెను. ఇచ్చట తీసివేసినది అచ్చటను తానే పోవు ఏర్పాటు అయినచో, అది వేరుప్రతి అనిపించుకొనదు.

ఇప్పుడు మామగారి కథలు వారి కంప్యూటరులో ఒక ప్రతి, బీరువాలోని డిస్కులో ఒక ప్రతి, విజయనగరమున మా యింట ఒక ప్రతి ఉన్నవి. ప్రతి ఫైలునకు కథ పేరు, పాడిన తేదీ వ్రాసినాము. ప్రతి సంక్రాంతికి మూడింటిని తెరచి వినవలెనని నియమము పెట్టుకొంటిమి. దొరకని ఆ ఒక్క భాగమునకు మామగారి నోటుపుస్తకములో పేరు మాత్రము మిగిలినది. దానిని వారు కొట్టివేయలేదు. ఆ రాత్రి కథ విన్నవారు ఆ ఊరిలో ఇంకను కొందరు ఉన్నారు. వారికి జ్ఞాపకమున్న చరణములను అత్తయ్యగారు ఒక్కొక్కటిగా అడిగి, ఆ పుటలోనే వ్రాయించుచున్నారు.